గోపమ్మ పొయ్యికి ముద్ర పడిన కథ

చేవెళ్ల బస్టాండుకు ఎదురుగా, విత్తనాల దుకాణానికీ మందుల దుకాణానికీ నడుమ ఇరుక్కుని ఒక రేకుల మడిగె ఉండేది. బోర్డు మీద "అనంత మోటార్ వైండింగ్" అని రాసి ఉన్నా ఊళ్లో ఎవరూ ఆ పేరు పలికేవారు కాదు. గోపమ్మ దుకాణం అనేవారు. బోర్డుకెక్కిన అనంతయ్య గోపమ్మ భర్తే. మనిషి నిక్షేపంగా ఉన్నాడు. కాకపోతే దుకాణంలో ఉండడు.

అది నగరంలో సాఫ్ట్‌వేరు పొంగి పొర్లుతున్న కాలం. చేవెళ్ల దాకా సాఫ్ట్‌వేరు రాలేదు గాని దాని రేటు మాత్రం వచ్చేసింది. జొన్న కూడా సరిగా మొలవని చెలకలకు గిరాకీ పుట్టింది. అనంతయ్య చేతిలోని పానా పక్కన పడేసి, ఇస్త్రీ చొక్కా తొడిగి, రెండు జేబుల్లో రెండు ఫోన్లు పెట్టుకుని భూముల బేరగాడయ్యాడు. హోటల్లో చాయ్ మీద చాయ్ తాగుతూ, తనది కాని భూమిని, తాను చూడని మనిషి తరఫున, తనకు తెలియని మనిషికి అమ్ముతుండేవాడు. నాలుగేళ్లలో ఒక్క బేరమూ కుదరలేదు.

"అయితదే, రేపో ఎల్లుండో అయితది" అనేవాడు పెళ్లాంతో.

"అయినప్పుడు జెప్పు, గప్పటిదాక గీ మోటరు అటు పట్టు" అనేది గోపమ్మ. పట్టేలోపు ఏదో ఒక ఫోను మోగేది.

నాలుగో తరగతితో బడి మానేసిన గోపమ్మకు ఈ పని ఎవరూ నేర్పలేదు. పెళ్లయిన కొత్తలో భర్తకు సద్ది తెచ్చి, అతను తిని గిన్నె ఇచ్చేదాకా దుకాణంలో ఒక మూల కూర్చునేది. అనంతయ్య తినడంలో నిదానస్తుడు. ఆ నిదానంలో ఆమె అన్నీ చూసింది. తీగ ఎన్ని చుట్లు, ఏ గాడిలో ఏది, వార్నీషు ఎప్పుడు పోయాలి, అన్నీ. ఎవరితోనూ అనలేదు. ఒక ఎండాకాలం కాలిపోయిన బోరు మోటరును బండి మీద వేసుకొచ్చిన రైతు, వరి ఎండిపోతున్నదని నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, అనంతయ్య ఎవరికో గుట్ట చూపించడానికి పోయి ఉన్నాడు. గోపమ్మ కొంగు బిగించి మోటరు విప్పింది. మర్నాడు అది తిరిగింది. రైతు మోటరును చూశాడు, గోపమ్మను చూశాడు, మళ్లీ మోటరునే చూశాడు. "నడుస్తున్నదా?" అని అడిగాడు, నీళ్లు కాళ్ల మీద పడుతుండగా.

మోటర్లు కాలేది ఎండాకాలంలోనే. మిగతా ఎనిమిది నెలలు గడవడానికి ఆమె కరెంటు పొయ్యిలు మొదలుపెట్టింది. కుమ్మరామె గాడులు తీసి కాల్చి ఇచ్చే మట్టి పళ్లెం, గాడుల్లో స్ప్రింగులా చుట్టిన తీగ, కింద రేకు డబ్బా, మూడు కాళ్లు. అంతే పొయ్యి. మొయినాబాద్ వైపు అప్పుడు గుట్టకొకటి చొప్పున ఇంజనీరింగు కాలేజీలు లేచాయి. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు గదులు కిరాయికి తీసుకుని తామే వండుకునేవారు. అట్లాంటి గదులు నలభై కట్టిన సాముయేలు గోపమ్మ దగ్గర ఏటేటా గంపగుత్తగా పొయ్యిలు కొనేవాడు.

పొయ్యి తయారు కాగానే ఆమె స్విచ్చి వేసి, కుడిచేతి వెనకవైపుతో డబ్బాను ఒకసారి తాకేది. అరచేత్తో పట్టుకుంటే కరెంటు చేతిని పట్టేసుకుంటుంది. వెనకవైపు తగిలితే చెయ్యి దానంతటదే ముడుచుకుని ఇవతలికి వస్తుంది. జిల్లుమంటే మళ్లీ విప్పేది. చీమ కుట్టినట్టుంటే ఫరవాలేదని అమ్మేది. ఏ పొయ్యిలో ఎంత చీమ ఉన్నదో కొనేవాళ్లకు దాచకుండా చెప్పేది.

ఆ దాచకపోవడమే కొంప ముంచింది.

వానాకాలం ఒక మధ్యాహ్నం, తల నున్నగా దువ్విన మనిషి ఒకడు తోలుసంచితో వచ్చి నిలబడ్డాడు.

"పొయ్యి కావాలమ్మా."

"ఎందరికి వండాలె సారు?"

"ఇద్దరికి. షాక్ గీక్ కొడుతుందా?"

"అయ్యో, గట్లేం లేదు సారు. గా మూలకున్నది అస్సలే కొట్టదు. గిది జర చీమ కుట్టినట్టయితది. చెప్పులేస్కుంటే గది గూడ ఉండది. గాయింత దానికి భయపడ్తే బువ్వెట్ల తింటం?"

"అంటే మీకు ముందే తెలుసా?"

"తెల్వకుంటే ఎట్ల అమ్ముత సారు? చేసింది నేనే గద. ఒక్కోదాన్ని ముట్టి చూసినంకనే ఇస్త."

ఎన్నేళ్లుగా చేస్తున్నదీ, ఎన్ని చేస్తున్నదీ, ఎవరికి అమ్ముతున్నదీ అతను అడిగాడు. గోపమ్మ అడిగినవీ చెప్పింది, అడగనివీ చెప్పింది. అప్పుడు అతను జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. పేరు ప్రభాకర్. సామాన్ల నాణ్యత చూసే సర్కారు ఆఫీసు. ఇంట్లో వాడే కరెంటు పొయ్యిని ఐఎస్ఐ ముద్ర లేకుండా తయారు చేయకూడదు, అమ్మకూడదు, అమ్మడానికని దుకాణంలో పెట్టుకోకూడదు.

"ఇరవై ఏళ్ల సర్వీసమ్మా నాది. సామాను దాచిపెట్టినవాళ్లను చూశాను, గోడ దూకి పారిపోయినవాళ్లను చూశాను. ఇట్లా ఒక్కొక్కటి చూపించి వివరంగా చెప్పినవాళ్లను చూడలేదు."

దుకాణంలో ఉన్న పదకొండు పొయ్యిలను గోనెసంచుల్లో కట్టించి, మూతి మీద లక్క కరిగించి ముద్ర వేసి, పంచనామాలో గోపమ్మ పేరు రాశాడు. సాక్షి సంతకానికి హోటల్లోంచి అనంతయ్యను పిలిపించారు. అతను సంతకం పెట్టి, పెన్ను తిరిగి ఇస్తూ, "సారు, జన్వాడ కాడ మంచి బిట్టున్నది, రోడ్డు ఫేసింగు. ఒక్కసారి చూసి పోరాదుండ్రి" అన్నాడు.

ప్రభాకర్ అతన్ని ఎగాదిగా చూసి గోపమ్మ వైపు తిరిగాడు. "మొదటిసారి కాబట్టి హెచ్చరికతో వదులుతున్నా. లైసెన్సు తెచ్చుకుని చేసుకోండి. అది లేకుండా ఇంకొక్క పొయ్యి కనబడిందా, కోర్టుకే."

అతను బస్సెక్కాక అనంతయ్య మడిగె నాలుగు మూలలూ కళ్లతో కొలిచాడు. "పోతే పోనియ్యే. గీడ అద్దాల తలుపు పెట్టి భూముల ఆఫీసు చేద్దం. దసరాకు ఓపెనింగ్. నువ్వు ఇంట్ల నిమ్మలంగ కూసో."

నిమ్మళంగా కూర్చోవడం గోపమ్మ జన్మలో ఎరగదు. మడిగె పోతే మోటర్లూ పోతాయి. రేపటి నుంచి తాను అనంతయ్య తేబోయే బేరం కోసం పొయ్యి ముందు కనిపెట్టుకుని కూర్చోవాలి. ఆ ఆలోచనకే ఆమెకు జిల్లుమన్నది.

మూడోనాడు సాముయేలు వచ్చాడు. "దసరా సెలవులు కాంగనే కొత్త పోరగాండ్లొస్తరక్కా. ముద్ర ఉన్న పొయ్యిలే పెట్టాలని కాలేజోళ్లు గూడ అంటున్నరు. నీకేం ఫికర్ లేదు, ఇగో" అని ఒక చుట్ట చేతిలో పెట్టాడు. ఐఎస్ఐ గుర్తు అచ్చేసిన అంటుకాగితాలు. పట్నంలో గజాల లెక్కన దొరుకుతున్నాయట.

గోపమ్మ ఒకటి పీకి, ఇంట్లో తాను వండుకునే పొయ్యికి అంటించింది. స్విచ్చి వేసి చెయ్యి తిప్పి తాకింది. "ముద్రేసినంక గూడ కుడుతున్నది తమ్మీ. చీమకు చదువు రాదుగావచ్చు."

"ఎవలు చూస్తరక్కా?"

"రేపు నీ పోరగాడెవడన్న తడికాళ్లతోని ముట్టి పడిపాయెననుకో, గప్పుడందరు చూస్తరు. తీస్కపో దీన్ని."

సాముయేలు చుట్టను జేబులో కుక్కుకున్నాడు. "మరి దసరా దాక చూస్త. ఆమీద పట్నం కంపెనీవి తెచ్చుకుంట, ఏమనుకోకు" అని పోయాడు.

లైసెన్సు కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. గోపమ్మ చెల్లెలి కొడుకు రాకేష్‌ను పిలిచింది. వాడు మొయినాబాద్ గుట్టల్లోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పూర్తిచేసి, అమీర్‌పేటలో ఏదో కోర్సు చేస్తూ, సాఫ్ట్‌వేరు కొలువు కోసం ఎదురుచూస్తున్నాడు. కరెంటు చదివిన వాళ్లంతా కంప్యూటర్ల వైపే చూసే కాలం మరి.

"ప్రతి లైన్ల 'షల్' అనున్నది పెద్దమ్మా."

"అంటే?"

"చెయ్యాల్సిందే అని."

"ఎన్నిసార్లు జెప్తర్రా? ఒక్కసారి జెప్తే ఇంటం గద. కింద ఏమున్నది సూడు."

కింద చాలా ఉన్నది. మూడు తీగల వైరుండాలి, ఒకటి భూమికి పోవాలి. కరెంటు పారే భాగం ఎక్కడా వేలికి తగలకూడదు. అది చూడటానికి ఆఫీసు దగ్గర మనిషి వేలి కొలతతో చేసిన ఇనుప వేలు ఒకటుంటుంది. ప్రతి పొయ్యినీ అమ్మేముందు మిషనుతో పరీక్షించాలి. పరీక్షించేవాడు ఆ చదువు చదివి ఉండాలి.

"ఇనుప ఏలెందుకురా? నా ఏలు లేదా?"

"నీ ఏలు సర్కారుది కాదు పెద్దమ్మా."

ఇక ఆమె పొయ్యిని మొదటి నుంచి మళ్లీ పుట్టించింది. తెరిచి ఉన్న తీగ మీద ఇస్త్రీపెట్టెల్లో వాడే అభ్రకం రేకు పరిచింది. దాని మీద పెనంలాంటి ఇనుప మూత బిగించి, మూతకు భూమి తీగ కలిపింది. పరీక్ష మిషను కోసం పాలిచ్చే బర్రె ఒకటి ఇంటి నుంచి వెళ్లిపోయింది. పరీక్ష చేసేవాడి పేరు దగ్గర రాకేష్ సంతకం పెట్టాడు. మిషను డబ్బా విప్పి చూపిస్తే మాత్రం అడుగు వెనక్కి వేశాడు.

మొదటి నమూనాను నగరంలో ఆఫీసు ఒప్పుకున్న ల్యాబుకు తానే తీసుకుపోవాలి. పోయే పొద్దున గోపమ్మ ఇల్లు అలికి, పొయ్యిని పీట మీద పెట్టింది. కొత్త మోటరయినా, ట్రాక్టరయినా, బోరయినా ఆ ఊళ్లో పూజ కాకుండా గడప దాటదు. బర్రెను అమ్మి చేసిన పొయ్యి ఊరికే ఎట్లా దాటుతుంది? పసుపు నీళ్లు చల్లింది, కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు మూత చుట్టూ ధారగా పోసింది, దీపం నూనె నాలుగు చుక్కలు వేసింది. తువ్వాలలో చుట్టి, చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని మెహదీపట్నం బస్సెక్కింది. కండక్టరు "గిదేందమ్మా?" అంటే "పరీక్షకు పోతున్నది" అన్నది.

రెండు వారాలకు ప్రభాకర్ ఫోను చేశాడు.

"అమ్మా, ఆ పొయ్యి మీద ఏం పోశారు?"

"ఏం పోయలే సారు."

"బాగా గుర్తు తెచ్చుకోండి."

"కొబ్బరి నీళ్లు... పసుపు నీళ్లు... జరంత నూనె."

"ఎందుకు పోశారమ్మా?"

"పాసు గావాలని."

ల్యాబులో స్విచ్చి వేయగానే గదంతా గుడి వాసన వచ్చిందట. నీళ్లు మూత సందులోంచి దిగాయి, మట్టి పళ్లెం వాటిని పీల్చుకున్నది, తీగలోని కరెంటు తడి పట్టుకుని మూత మీదికి ఎక్కింది. రిపోర్టులో "గుర్తు తెలియని పదార్థం" అని రాశారు.

"రెండో నమూనా నేనే వచ్చి తీసుకుంటా. అదీ తప్పితే దరఖాస్తు మూసేస్తాం. ఈసారి పూజ వద్దు."

"చెయ్య సారు. మనసులనే మొక్కుకుంట."

"అట్లా మొక్కండి. దానితో లీకేజీ రాదు."

అనంతయ్య ఈ సంగతి హోటల్లో చెప్పి, మూడు చాయ్‌లు అయ్యేదాకా నవ్వి, అద్దాల తలుపు కొలతలు తీసుకోవడానికి వడ్రంగం చేసే వడ్లాయనను పంపించాడు. వడ్లాయన వచ్చి టేపు చాపేసరికి గోపమ్మ గడపకు అడ్డంగా కూర్చుని ఉన్నది. "ఇంకా దసరా కాలే" అన్నది. అతను టేపు మడుచుకుని పోయాడు.

ఆ గడప మీదే ఆమెకు తట్టింది. కొబ్బరి నీళ్లు తాను పోసింది సరే. కానీ అన్నం పొంగితే? పిల్లల గదుల్లో రోజూ పొంగుతుంది. గంజి కూడా అదే సందులోంచి దిగుతుంది, ఆ మట్టే పీల్చుకుంటుంది. ల్యాబువాళ్లు పొయ్యిని ఫెయిల్ చేసింది పూజ చేసినందుకు కాదు, తప్పు నిజంగానే ఉన్నందుకు. మూడేళ్లుగా తాను చీమ చీమ అంటూ అమ్మింది ఈ తడినేనేమో.

మర్నాడు మూత అంచును కిందికి వంచింది, వాన నీళ్లు ఇంట్లోకి రాకుండా చూరు దింపినట్టు. కుమ్మరామెతో పళ్లేన్ని రెండోసారి గట్టిగా కాల్పించింది. తర్వాత పొయ్యి మీద బియ్యం పెట్టి, కావాలని పొంగించింది. ఒకసారి కాదు, పన్నెండుసార్లు. వాడకట్టులోని కుక్కలన్నీ ఆ వారం గోపమ్మ అన్నమే తిన్నాయి. పన్నెండోసారి కూడా మిషను ముల్లు కదలలేదు.

ప్రభాకర్ వచ్చిన నాటికి దసరాకు ఇంకా పది రోజులున్నాయి. అతను తోలుసంచిలోంచి చిన్న పెట్టె తీశాడు. అందులో మఖ్‌మల్ గుడ్డ మీద ఇనుప వేలు పడుకుని ఉన్నది. కీళ్లతో సహా, గోరు ఒక్కటే తక్కువ. దానితో పొయ్యిని అన్ని వైపులా పొడిచాడు. ఏ సందులోనూ అది దూరలేదు.

"మంచిది. ఇప్పుడు పరీక్ష చేసే మనిషిని రమ్మనండి."

రాకేష్ వచ్చాడు. కాళ్లకు పొలం పనుల రబ్బరు బూట్లు, చేతులకు రబ్బరు తొడుగులు, కింద చెక్క పీట, దాని మీద రబ్బరు చాప. ప్రభాకర్ వాణ్ని అడుగు నుంచి పైదాకా చూశాడు.

"లీకేజీ కరెంటు అంటే ఏంటి?"

రాకేష్ ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. కామాలు కూడా వినిపించాయి.

"శభాష్. ఇప్పుడు మిషను క్లిప్పులు తగిలించి చూపించు."

రాకేష్ ఒక క్లిప్పు మూతకు పెట్టాడు. రెండోదీ మూతకే పెట్టాడు. మిషను కయ్యిమన్నది. వాడు పీట మీద నుంచి ఎగిరి దూకాడు. గోపమ్మ పళ్లు బిగబట్టి చూసింది, ఇంకో క్షణం చూసింది, ఆపుకోలేక ముందుకొచ్చి ఒక క్లిప్పు తీసి ప్లగ్గు పిన్నులకు పెట్టి మీట నొక్కింది. ముల్లు నిలిచినచోటనే నిలిచింది. అలవాటు కొద్దీ ఆమె కుడిచెయ్యి తిరగబడి పొయ్యి వైపు పోతుండగా ప్రభాకర్ అరిచాడు.

"చెయ్యి! ఇంకోసారి చెయ్యి పెట్టారంటే కాగితాలు చింపేస్తా."

గోపమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇంతకీ ఇక్కడ పరీక్ష చేసేదెవరు?"

రాకేష్ నేల చూశాడు. గోపమ్మకు అబద్ధం నోటిదాకా వచ్చింది గాని, అలవాటు లేనిది గనుక బయటికి రాలేదు. "నేనే సారు. వీడు సంతకానికి."

ప్రభాకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పరీక్ష చేసేవాడు చదువుకుని ఉండాలని రూలు. చదువుకున్నవాడికి పరీక్ష వచ్చి ఉండాలని ఎవరికీ రాయాలనిపించలేదు. మీ పేరు నేను రాయలేనమ్మా. చేతకాని వీడి పేరూ రాయలేను. నాలుగు గంటల బస్సుకు పోతున్నా. ఆలోపల వీడు నా ముందర తానే చేసి చూపించాలి. లేకుంటే వీడికి పరీక్ష చేయడం రాదని రాసిపోతా."

గోడ మీద గడియారం మూడు చూపిస్తున్నది.

"పెద్దమ్మా, నాకు అమీర్‌పేటల ఇంటర్వ్యూ ఉన్నది" అన్నాడు రాకేష్.

"గిదే ఇంటర్వ్యూ. పీటెక్కు."

"షాక్ గొడ్తే?"

"కొట్టకుండ చేసుడు నా పని. కొడ్తలేదని సూసుడు నీ పని. బూట్లిడువు, తొడుగులిడువు, గవి ఉంటె క్లిప్పు పట్టరాదు నీకు."

ఆమె ముట్టుకోకుండా, వేలు మాత్రం చూపిస్తూ చెప్పింది. ఇది ఇక్కడ, అది అక్కడ, ముందు ఇది, వెనక అది, ఇప్పుడు మీట, ముల్లు చూడు, అంకె రాయి. మొదటిసారి క్లిప్పు జారి కింద పడింది. రెండోసారి అంకె రాయడం మరిచాడు. మూడోసారి మీట నొక్కుతూ కళ్లు మూసుకున్నాడు. "కండ్లు మూస్కుంటే ముల్లెవడు సూస్తడురా, మీ అయ్యనా?" అన్నది గోపమ్మ. ప్రభాకర్ కిటికీ వైపు తిరిగి దగ్గాడు, అది దగ్గు కాదని అందరికీ తెలిసింది. ఆరోసారి వాడు అడక్కుండానే చేశాడు. ఏడోసారి, "పెద్దమ్మా, గిది ఈజీనే" అన్నాడు. ఎనిమిదోసారి ప్రభాకర్ పెన్ను తెరిచాడు.

నాలుగు గంటల బస్సు హారన్ కొడుతుండగా అతను నమూనాకు లక్కముద్ర వేసి, సంచి భుజాన తగిలించుకున్నాడు.

"ఫారంలో యజమాని అని ఉన్నచోట ఖాళీ వదిలారు. బోర్డు మీద మీ ఆయన పేరుంది. ఏం రాయమంటారు?"

అప్పుడే లోపలికి అడుగుపెట్టిన అనంతయ్య గొంతు సవరించుకున్నాడు. గోపమ్మ అతని వైపు చూడనే లేదు.

"నా పేరు రాయుండ్రి సారు. తప్పు దొరికినప్పుడు నా పేరే రాస్తిరి గద."

ప్రభాకర్ రాసి, బస్సు వైపు పరుగెత్తాడు.

దసరా పండుగ అయిపోయి, సాముయేలు రెండుసార్లు ఫోను చేసి, అనంతయ్య వడ్లాయనను మళ్లీ పిలిచి, చెక్కలు కూడా బయట దించిన రోజు రిజిస్టరు కవరు వచ్చింది. రాకేష్ చదివాడు. లైసెన్సు నంబరు ఉన్నది, గోపమ్మ పేరున్నది, ప్రతి పొయ్యి పరీక్షా పుస్తకంలో ఎక్కాలని ఉన్నది, 'షల్' తొమ్మిదిసార్లు ఉన్నది. వడ్లాయన దించిన చెక్కలతో ఆమె పరీక్ష బల్ల చేయించుకున్నది. అనంతయ్య ఆ కాగితాన్ని హోటలుకు తీసుకుపోయి, "మన కంపెనీది" అని చూపించి, సాయంత్రానికి దాని మీద చాయ్ మరకతో తిరిగి తెచ్చాడు.

రాకేష్ సాఫ్ట్‌వేరు కొలువు వచ్చేదాకా అని చేరాడు. నలభై పొయ్యిలు పరీక్షించి, నంబరు కొట్టి, సాముయేలు ఆటోలోకి ఎక్కించాడు. ఒక్కదానికీ బూట్లు వేసుకోలేదు.

వారం తిరగకముందే సాముయేలు ఫోను చేశాడు.

"అక్కా, పోరగాండ్లు లొల్లి వెడ్తున్నరు. పాతయి మంచిగుండె అంటున్నరు. మూత ఏడెక్కేసరికి అన్నానికి పది నిమిషాలు ఎక్కువ పడ్తున్నదంట. ఏం జెయ్యమంటవు?"

గోపమ్మ ఫోను భుజానికీ చెవికీ నడుమ ఇరికించుకుని తీగ చుడుతూనే ఉన్నది.

"గా పది నిమిషాలు పుస్తకం ముందటేస్కోమను తమ్మీ. ఈడ ఒక ఇంజనీరును మళ్ల మొదటి నుంచి చదివియ్యనీకి నా పానం పోయింది."